తర్వాతి పుస్తకం వచ్చిందా?

పిల్లల చేతిలో డిటెక్టివ్ నవల కనిపించగానే మన నోట మొదట వచ్చే మాట ఒకటే: 'ముందు సిలబస్ సంగతి చూడు.' ఆ కంగారులో తప్పేమీ లేదు. ఫీజు కట్టేది చదువు కోసమే కదా. అయినా తల్లిదండ్రులకు నా మనవి ఒకటుంది. ఒకే డిటెక్టివ్ మీద వరసగా వచ్చే నవలలను మీ అబ్బాయో అమ్మాయో ఇష్టంగా చదువుతూ, కొత్తది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటే దయచేసి ఆపకండి. అదీ చదువే.

ఈ ఎదురుచూపు మనకు కొత్త కాదు. మీ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చూడండి. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు పేర్లు చెప్పగానే ముఖం వెలుగుతుంది. ఆ తర్వాతి తరాన్ని అడిగితే మధుబాబు షాడో పేరు చెబుతారు. సికింద్రాబాద్ వీధుల్లోని అద్దె లైబ్రరీలో కొత్త నవల దిగిందంటే, ఎవరు ముందు తీసుకెళ్తారా అని పోటీ. అద్దె రోజు లెక్క కాబట్టి రాత్రికి రాత్రే పూర్తి చేసేవారు. ఎవరూ పరీక్ష పెట్టలేదు, మార్కులు వేయలేదు. తెలుగు ఆగకుండా చదవడం మాత్రం వచ్చేసింది.

బెంగాల్‌లో సత్యజిత్ రాయ్ 1965లో పిల్లల పత్రిక 'సందేశ్'లో ఫెలూదా అనే డిటెక్టివ్‌ను పరిచయం చేశారు. తర్వాత దసరా రోజుల్లో 'దేశ్' పత్రిక పూజా సంచికలో కొత్త ఫెలూదా నవల కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు. ఆయన అంత పెద్ద సినిమా దర్శకుడై ఉండి కూడా పిల్లల కోసం ఆ కథలు రాయడం మానలేదు.

ఇక చదువు సంగతి. పరీక్షలో ఇచ్చే పేరా పది పదిహేను లైన్లు. జవాబు అందులోనే దొరుకుతుంది. డిటెక్టివ్ నవలలో 30వ పేజీలో చెప్పిన చిన్న విషయం 200వ పేజీలో అవసరమవుతుంది. అప్పటిదాకా గుర్తుపెట్టుకోవాలి, ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవాలి, తన ఊహ తప్పని తెలిస్తే మార్చుకోవాలి. లెక్కలకూ సైన్సుకూ కావలసిన ఓపిక ఇదే. సిరీస్‌లో తాజా నవల చేతికి వస్తే పాత భాగాలు కూడా గుర్తు చేసుకోవాలి. మొదటి నుంచీ చదవని పిల్లలు కొత్తదానితోనే మొదలుపెట్టవచ్చు. నచ్చితే పాతవి వాళ్లే వెతుక్కుంటారు.

నా బాధ ఒక్కటే. ఇంగ్లీషులో మన పిల్లలకు ఇలాంటి సిరీస్‌లు ఎన్నో ఉన్నాయి. 1994లో జపాన్‌లో మొదలైన 'డిటెక్టివ్ కోనన్' కామిక్ వంద సంపుటాలు దాటి ఇంకా వస్తూనే ఉంది. తెలుగులో మాత్రం 'తర్వాతి భాగం వచ్చిందా?' అని అడగడానికి పదేళ్ల పిల్లలకు ఏముంది? అడగడానికి ఏమీ లేకపోతే తెలుగు వారికి మార్కుల సబ్జెక్టుగానే మిగిలిపోతుంది.

అందుకని మూడు చిన్న పనులు చేద్దాం. రాత్రి పడుకోబోయే ముందు ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, పిల్లలకు నచ్చిన పుస్తకం చదవనిద్దాం. పుస్తకం పూర్తయ్యాక 'నీతి ఏమిటి?' అని కాకుండా 'నీకు అనుమానం ఎవరి మీద వచ్చింది?' అని అడుగుదాం. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికో, చిక్కడపల్లి గ్రంథాలయానికో వెళ్లి తెలుగు డిటెక్టివ్ నవలలు వెతుకుదాం. పాతవి చాలావరకు పెద్దల కోసం రాసినవి. కాబట్టి ముందు మీరు చదివి, తగినదని అనిపిస్తేనే పిల్లలకు ఇవ్వండి. మీరు చదువుతుండగా చూస్తే వాళ్లే వచ్చి అడుగుతారు.