గ్లౌజులు మిగిలాయి... గాలి సంగతి?

పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరిచి కూర్చున్నవాళ్లకు డ్రిల్లు చప్పుడే వినబడుతుంది, తుంపర కనబడదు. నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరిగే ఆ పరికరం నీళ్లను, లాలాజలాన్ని, ఒక్కోసారి రక్తాన్ని కలిపి గాలిలోకి చిమ్ముతుంది. రోగి అరగంటలో లేచి వెళ్లిపోతాడు. సక్షన్ గొట్టం పట్టుకుని పక్కన నిలబడే అసిస్టెంటు మాత్రం సాయంత్రం దాకా ఆ గాలే పీల్చాలి.

కరోనా రాగానే అందరి చూపూ ఈ కుర్చీ మీద పడింది అందుకే. అత్యవసరం కాని చికిత్సలు వాయిదా వేయమని 2020 మార్చిలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ తన సభ్యులను కోరింది. మే నెలలో మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా దంతవైద్యులకు విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇలాంటి భయం పంటి ఆస్పత్రులకు కొత్త కాదు. 1980లకు ముందు చాలామంది దంతవైద్యులు ఉత్త చేతులతోనే నోట్లో పని చేసేవారు. ఎయిడ్స్, హెపటైటిస్-బి భయంతో 1991లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ 'ఓషా' రక్తం ద్వారా సోకే జబ్బులపై రూలు తెచ్చింది. గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, వాడిన సూదులకు గట్టి డబ్బా తప్పనిసరి అయ్యాయి. సిబ్బందికి హెపటైటిస్-బి టీకా యజమానే ఉచితంగా వేయించాలి. ఆ భయం తగ్గినా రూలు పోలేదు.

మరి కరోనా రూలు? 2021 జూన్‌లో 'ఓషా' ఆరోగ్య సిబ్బంది కోసం అత్యవసర నిబంధనలు తెచ్చింది. గుమ్మం దగ్గరే అందరినీ పరీక్షించి, కరోనా అనుమానం ఉన్నవాళ్లను లోపలికి రానివ్వని పంటి క్లినిక్కులకు వాటినుంచి మినహాయింపు దొరికింది. డిసెంబరులో వాటిలో చాలాభాగం వెనక్కి తీసుకున్నారు. శాశ్వత రూలు తెస్తామన్నారు కానీ, 2025 జనవరిలో ఆ ప్రయత్నమూ మానుకున్నారు. రక్తానికి చట్టం ఉంది. గాలితో వచ్చే జబ్బులకంటూ ఆ దేశమంతటికీ వర్తించే ప్రత్యేక రూలు లేదు.

అంత అవసరమా, ఖర్చు ఎవరు భరిస్తారు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. 2020 జూన్‌లో రెండువేల మందికి పైగా అమెరికా దంతవైద్యులను అడిగితే, కరోనా సోకినవాళ్లు, సోకిందని అనుమానం ఉన్నవాళ్లు కలిపి ఒక శాతం లోపే తేలారు. అయితే అప్పటికి దాదాపు అందరూ జాగ్రత్తలు పెంచుకున్నవాళ్లే! జాగ్రత్త పనిచేసింది కాబట్టి ఇక అక్కర్లేదనుకుంటే, వాన తగ్గకముందే గొడుగు మడిచినట్టే.

రూలు లేనిచోట అలవాటే కాపాడాలి. తుంపరను పుట్టినచోటే లాగేసే శక్తిమంతమైన సక్షన్, గాలి ఆడే గది, రోగికీ రోగికీ మధ్య ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసిన పరికరాలు, డ్రిల్లు గొట్టంలోని నీటిని 20-30 సెకన్లు వదిలేయడం... ఇవేవీ మహమ్మారి కోసం దాచుకోవాల్సినవి కావు. పిల్లాడి పన్ను చూపించడానికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలు వీటి గురించి ఓ మాట అడగొచ్చు. మంచి డాక్టరు నొచ్చుకోడు. పక్కన నిలబడ్డ అసిస్టెంటుకైతే ఆ ప్రశ్నే పెద్ద అండ.