వ్యానులో ఏడుగురం, నోరు విప్పింది ఒక్కరే

"ఒక్కదానివే వెళ్ళావా? ఆయన రాలేదా?"

మారిషస్ ఫొటోలు చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ మొదట అడిగింది ఇదే. సముద్రం ఎలా ఉందని అడిగిన వాళ్ళు తక్కువ.

నిజానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. మావారికి కంపెనీ మీటింగులు మూడు రోజులు. ఆయన పొద్దున్నే టై కట్టుకుని కిందికి దిగితే మళ్ళీ చీకటి పడ్డాకే గదికి రావడం. మొదటి రోజంతా నాకు టీవీ, బాల్కనీ, ఇంటికి ఫోను. గది సర్దడానికి ఒకమ్మాయి వస్తే, అలవాటు కొద్దీ లేచి దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఆ పిల్ల నవ్వింది. ఇంత దూరం వచ్చి దుప్పట్లు మడతపెట్టడమేమిటని నాకే సిగ్గేసింది. సాయంత్రం కిందికి వెళ్ళి, మర్నాడు దీవి చుట్టి చూపించే టూరులో ఒక సీటు రాయించుకున్నాను. పెద్ద బస్సు కాదు, చిన్న వ్యాను. ఏడుగురు ప్రయాణికులు, డ్రైవరే గైడు. పొద్దున ఎనిమిదిన్నరకి ఎక్కితే సాయంత్రం ఆరింటికల్లా తెచ్చి దింపేస్తారు. దీవి మొత్తం పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఉత్తరాన మా హోటలు, చూడాల్సినవన్నీ దక్షిణాన.

ఇలాంటి టూర్లంటే మా చెల్లెలికి చిన్నచూపు. "వాళ్ళు చూపించిందే చూడాలి, దిగమన్నచోటే దిగాలి, అదేం ప్రయాణమే అక్కా!" అంటుంది. నేనొప్పుకోను. తిరుపతికి బయల్దేరినా, మేనకోడలి పెళ్ళికి బయల్దేరినా టిక్కెట్లు, మాత్రలు, పులిహోర, పిల్లల స్వెట్టర్లు, గ్యాసు కట్టామా లేదా అన్న బెంగ అన్నీ మన నెత్తినే కదా? దారి ఒకరు చూసుకుంటారు, భోజనం ఇంకొకరు వండుతారు, కిటికీ పక్కన కూర్చుని చూడటమొక్కటే నా పని. అలాంటి రోజు యాభై రెండేళ్ళలో నాకదే మొదటిది. తెలియని ఊళ్ళో టాక్సీవాడితో బేరాలాడే పనీ లేదు. అందుకే నా ఓటు చిన్న వ్యానుకే. అయితే ఆ చిన్న వ్యానులో ఉన్న అసలు సుఖాన్ని మనం వాడుకోవడం లేదనిపించింది.

ఏమిటా సుఖం అంటారా? యాభైమంది బస్సులో వెనక సీట్లో ఉన్నావిడ "బాబూ, కాస్త ఆపు" అంటే ముందుకి వినిపించదు. ఏడుగురున్న వ్యానులో వినిపిస్తుంది. డ్రైవరు వెనక్కి తిరిగి "సరేనా?" అని మిగతా ఆరుగురినీ అడుగుతాడు. అంతే తేడా. ఆ ఒక్క తేడాకే మనం పెద్ద బస్సుకంటే ఎక్కువ డబ్బు కడతాం. కట్టి, నోరు మూసుకుని కూర్చుంటాం.

మా వ్యానులో పూనా నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఆయన తల్లి. హైదరాబాదు నుంచి కొత్తగా పెళ్ళయిన జంట. ముందు సీట్లో డర్బన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి. ముత్తాతల కాలంలో చెరుకు తోటల పనికి దక్షిణాఫ్రికా వెళ్ళిన కుటుంబం వాళ్ళది. భర్త పోయాక ఏటా ఒక చోటికి ఒక్కతే వెళ్తుందట. ఏడో మనిషిని నేను.

తొమ్మిదింటికి పోర్ట్ లూయిస్ దాటుతున్నాం. ఎడం పక్క ఊరు, కుడి పక్క రేవు. "అదిగో, ఆప్రవాసీ ఘాట్" అన్నాడు గైడు, వ్యాను ఆపకుండానే. ఆ పేరు నాకు కొత్త కాదు. నేను కాకినాడ పిల్లని. కాలేజీలో ఉండగా మడ అడవులు చూడ్డానికి కోరంగికి పిక్నిక్‌కి వెళ్ళేవాళ్ళం. ఒకప్పుడు ఆ కోరంగి పెద్ద రేవనీ, తెలుగువాళ్ళు అక్కడ ఓడెక్కి సముద్రాలు దాటారనీ మా లెక్చరరుగారు చెప్పేవారు. మారిషస్‌లో తెలుగువాళ్ళకి 'కోరంగీలు' అన్న పేరే పడిపోయింది. వాళ్ళు దిగిన రేవుమెట్లు ఈ ఆప్రవాసీ ఘాట్‌లోవే. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది. దానికి కొద్ది నెలల ముందే, 1834 నవంబరు 2న, 'అట్లాస్' అనే ఓడ 36 మంది భారతీయ కూలీలని తెచ్చి దింపింది. అక్కణ్ణించి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ దాకా వచ్చినవాళ్ళు నాలుగున్నర లక్షల పైచిలుకు. 2006లో యునెస్కో ఈ చోటుని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

"ఒక్క పది నిమిషాలు ఆపుతారా?" అని నాలిక చివరిదాకా వచ్చింది. పూనా ఆయన వాచీ చూసుకుంటున్నాడు, కొత్త జంట ఫొటోలు తీసుకుంటున్నారు. నా ఒక్కదాని కోసం అందరినీ ఆపడమేమిటి, సాయంత్రం ఎలాగూ ఇదే దారిన వస్తాం కదా అనుకున్నాను. గొంతులోంచి మాట బయటికి రాలేదు.

తర్వాత ఆగింది ఎక్కడనుకున్నారు? ఓడ బొమ్మల దుకాణం దగ్గర. చెక్కతో పాతకాలపు తెరచాప ఓడల్ని అచ్చుగుద్దినట్టు చేస్తారు, పని బావుంది. కానీ నలభై నిమిషాలా! అక్కణ్ణించి నగల దుకాణం, ఇంకో అరగంట. ఆ తర్వాతే క్యూర్‌పైప్‌లో ట్రూ ఓ సెర్ఫ్ అనే చల్లారిన అగ్నిపర్వతం నోరు. గుండ్రటి గొయ్యి, లోపలంతా చెట్లు, అడుగున కాస్త నీళ్ళు. అంచున నిలబడితే ఊళ్ళూ కొండలూ కనిపిస్తాయి. దానికి మాత్రం పావుగంట! గైడు చెడ్డవాడు కాదు. తర్వాత భోజనాల దగ్గర తనే చెప్పాడు, ఏ దుకాణం దగ్గర ఎంతసేపు ఆపాలో పైవాళ్ళు రాసిస్తారట. "మీరెవరూ వద్దనలేదుగా మేడమ్" అన్నాడు. నిజమే, అనలేదు.

ఇక అసలు సంగతి. రాసేందుకు మొహమాటపడే విషయమే, అయినా రాస్తాను. ఆ పొద్దున వ్యానులో ఆడవాళ్ళం అయిదుగురం. ఎక్కగానే తలా ఒక చల్లటి నీళ్ళ సీసా ఇచ్చారు. మధ్యాహ్నానికి మగవాళ్ళ సీసాలు ఖాళీ. నాది మూత తీసి రెండు గుక్కలు. హైదరాబాదు అమ్మాయిది సీలు కూడా తీయలేదు. పూనా పెద్దావిడ బీపీ మాత్ర మింగడానికి ఒక్క గుక్క తాగి, మిగతాది కోడలి చేతికిచ్చేసింది. కోడలు దాన్ని సంచీలో దాచింది. ఎందుకో నేను చెప్పాలా? బాత్రూముకి ఆపమని అడగాల్సి వస్తుందని! బస్సు ప్రయాణాల్లో, స్కూళ్ళలో, ఆఫీసుల్లో చిన్నప్పట్నించీ నేర్చుకున్న విద్య ఇది. నీళ్ళు తాగకపోవడం, బిగబట్టుకోవడం. తర్వాత మూత్రంలో మంట, జ్వరం, డాక్టరు చేత చీవాట్లు. సముద్రం దాటినా ఆ విద్య మనతోనే వచ్చింది.

మా అందరి సంగతీ తేల్చింది డర్బన్ ఆవిడే. గంగా తలావ్‌కి వెళ్ళే దారిలో గైడు భుజం మీద తట్టి, "నాయనా, నాకు బాత్రూముకి వెళ్ళాలి. శుభ్రంగా ఉన్న చోట ఆపు" అంది, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా. అతనూ అంత మామూలుగానే "అయిదు నిమిషాల్లో మేడమ్" అన్నాడు. ఆపాడు. వ్యానులో ఉన్న ఆడవాళ్ళం అందరం దిగాం, ఒక్కరూ మిగల్లేదు! తిరిగొచ్చాక చూడాలి, అందరి సీసాల మూతలూ తెరుచుకున్నాయి. హైదరాబాదు అమ్మాయి నా చెవిలో, "ఆంటీ, హోటల్లో బయల్దేరినప్పట్నించీ..." అని నవ్వేసింది. పక్కనున్న మొగుడికి కూడా చెప్పలేదట. చెప్పాలి కదమ్మా అంటే, "మీరూ చెప్పలేదుగా" అంది. ఏం జవాబు చెప్పను?

గంగా తలావ్ కొండల మీద చెరువు. ఒడ్డున 108 అడుగుల శివుడి విగ్రహం. శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ జనం కాలినడకన వస్తారట. గుడి మెట్లు దిగలేనంటూ పూనా పెద్దావిడ వ్యానులోనే ఉండిపోయింది. "వాళ్ళు చూసొస్తే నేను చూసినట్టే" అంది. కోడలు ఆగుదామా వద్దా అని అటూ ఇటూ చూస్తోంది. డర్బన్ ఆవిడ మళ్ళీ గైడునే అడిగింది, ఇంకాస్త ముందుకి పోనివ్వొచ్చా అని. అతను వ్యానుని గుడికి దగ్గరగా తీసుకెళ్ళాడు. పెద్దావిడ కోడలి భుజం పట్టుకుని నీళ్ళ దాకా నడిచింది. చేపలకి మరమరాలు కూడా వేసింది.

చమరెల్‌లో జలపాతం, ఆ పక్కనే ఏడు రంగుల నేల. అగ్నిపర్వతం రాయి వేల ఏళ్ళు నాని, చివికి మట్టయింది. అందులోని ఇనుము, అల్యూమినియం ఒక్కోచోట ఒక్కోలా కలవడం వల్ల ఎరుపు, గోధుమ, ఊదా రంగులట. దండెం మీద ఆరేసిన చీరల్లా ఉన్నాయి ఆ దిబ్బలు. చుట్టూ కంచె, లోపలికి వెళ్ళనివ్వరు. నాకు మాత్రం అంతకంటే బాగా గుర్తున్నది చెరుకు తోటల్లో రాళ్ళ గుట్టలు. దారి పొడుగునా పచ్చటి చెరుకు, మధ్యలో ఇంటెత్తున నల్లరాళ్ళ కుప్పలు. "అవేమిటి?" అని అడిగిందీ డర్బన్ ఆవిడే. "ఆపు, దిగి చూస్తాం" అన్నదీ ఆవిడే. టూరు కాగితంలో అవి లేవు. దున్నడానికి వీల్లేని రాతినేల కదా ఇది, బానిసలూ వాళ్ళ తర్వాత మనవాళ్ళూ చేతుల్తో ఏరి కుప్పపోసిన రాళ్ళవి అన్నాడు గైడు. తొలి ఒప్పందాల్లో మగవాడికి నెలకి అయిదు రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. వంట్లో బాగాలేదని చెప్పుకునే వీలు ఎంతమంది ఆడవాళ్ళకి ఉండి ఉంటుంది? ఆ కుప్ప దగ్గర నిలబడి చేత్తో ఒక రాయిని కదపబోయాను. కదల్లేదు.

అక్కడే గైడు తన గురించి కాస్త చెప్పాడు. భార్య తరఫు వాళ్ళు తెలుగువాళ్ళట. ఇక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు, ఆ రోజు భోజనం అత్తారింట్లోనే. "మా ఆవిడకి తెలుగు మాట్లాడటం రాదు, రామభజనం మాత్రం తెల్లవార్లూ పాడుతుంది" అన్నాడు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ కూడా చేస్తారట. మేం దుకాణాల్లో గంటకి పైగా గడిపాం, ఈ మనిషితో ఇంత మాట్లాడింది పది నిమిషాలు.

తిరుగుదారిలో నైరుతి కొసన లె మోర్న్ కొండ. 556 మీటర్ల బండ, సముద్రంలోకి చొచ్చుకొచ్చినట్టు ఉంటుంది. పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు. స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి వస్తున్న సిపాయిల్ని చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కిందికి దూకేశారని ఒక కథ చెప్పుకుంటారు. వ్యానులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పోర్ట్ లూయిస్ చేరేసరికి అయిదు. ఈసారి అడిగాను. పక్కన హైదరాబాదు అమ్మాయి కూడా "అవునంకుల్, ప్లీజ్ ఆపండి" అంది. గైడు నొచ్చుకున్నాడు. "నాలుగింటికే మూసేస్తారు మేడమ్. పొద్దున చెప్పి ఉంటే ఓడ బొమ్మల దగ్గర కొంత టైము తగ్గించేవాణ్ణి" అన్నాడు. డర్బన్ ఆవిడ ముందు సీట్లోంచి తిరిగి, "పొద్దున్నే అడగాలమ్మా. మధ్యాహ్నం దాటితే ఎవరి రోజైనా చేజారిపోతుంది" అంది. నన్ను కాస్త జాలిగానే చూసింది.

ఇలాంటి టూరుకి వెళ్ళే వాళ్ళకి నేను చెప్పేది ఇంతే. సీటు రాయించుకునేటప్పుడే, ముందు రోజు రాత్రే అడగండి. వ్యానులో ఎంతమంది, దుకాణాలు ఎన్ని, వాటిలో ఒకటి మానేసి మనకి కావాల్సిన చోటు కలుపుతారా, భోజనం టిక్కెట్టులో కలిసుందా, శాకాహారం దొరుకుతుందా, బాత్రూములు ఎక్కడెక్కడ. గునుస్తుందనుకుంటారేమో అనుకోకండి. వాళ్ళకి రోజూ అడిగేవాళ్ళు అలవాటే, మనకే అడగడం అలవాటు లేదు.

మర్నాడు మా విమానం రాత్రికి. మావారికి మధ్యాహ్నం దాకా మీటింగు. నేను పొద్దున్నే హోటలు బయట పోర్ట్ లూయిస్ బస్సెక్కాను. అడిగితే కండక్టరు ఎక్కడ దిగాలో చెప్పాడు. రోడ్డు పక్కన అమ్ముతున్న దాల్ పూరీ రెండు తిన్నాను. అచ్చం మన బొబ్బట్టే, బెల్లం లేదు, పైన ఘాటైన పచ్చడి. నడుచుకుంటూ ఘాట్‌కి వెళ్ళాను. టిక్కెట్టు లేదు.

ఆ మెట్లు 16. ఎంత పెద్దవో అనుకున్నాను. మా ఊరి గోదావరి రేవులో మెట్లకంటే చిన్నవి, నల్లరాయివి, మధ్యలో అరిగిపోయి ఉన్నాయి. దిగినవాళ్ళని రెండు రాత్రులు ఇక్కడే ఉంచి తోటలకి పంచేవారట. లోపల వాళ్ళ వంటశాల, వైద్యశాల గోడలు మిగిలాయి. మరుగుదొడ్ల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి, బోర్డు పెట్టి మరీ చూపించారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. కోరంగిలో ఓడెక్కి వారాల తరబడి సముద్రం మీద వచ్చిన ఆడమనిషి ఎవర్ని అడిగి ఉంటుంది, ఏ భాషలో?

ఎండ ఎక్కింది. చెట్టు నీడన కూర్చుని సీసాడు నీళ్ళూ తాగేశాను. తర్వాత గేటు దగ్గరున్న ఆమె దగ్గరికి వెళ్ళి, గట్టిగానే, బాత్రూమెక్కడని అడిగాను.