ఆటలో ప్రధాని కుర్చీ ఉంది, గ్రామసభ ఎక్కడ?

మీ ఫోన్‌లోనే ఒక దేశాన్ని ఏలొచ్చు, తెలుసా? నేషన్‌స్టేట్స్ అని ఒక ఆన్‌లైన్ ఆట. ఆస్ట్రేలియా రచయిత మ్యాక్స్ బారీ తన నవల ప్రచారం కోసం 2002లో మొదలుపెట్టాడు. దేశానికి పేరు పెడతాం, జెండా ఎంచుకుంటాం. ఇక వరసగా సమస్యలు వస్తుంటాయి. ఒక్కోదానికి కొన్ని సలహాలు ఉంటాయి, వాటిలో ఒకటి నొక్కాలి. దాన్నిబట్టి మన దేశంలో పౌరహక్కులు, ఆర్థిక వ్యవస్థ, రాజకీయ స్వేచ్ఛ పెరుగుతాయి, తగ్గుతాయి. అమెరికాలో అయితే సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ 2009లో ఐసివిక్స్ పెట్టారు. అవి బడి పిల్లల కోసమే చేసిన ఆటలు.

ఇలాంటివి క్లాసులో ఆడించడం మంచిదే. మనం సివిక్స్ ఎలా చదివామో గుర్తుందిగా? రాష్ట్రపతి అధికారాలు, ఐదు మార్కులు, పరీక్ష అయ్యాక మర్చిపోవడం. ఆటలో అయితే ఒక నిర్ణయం తీసుకుంటే ఇంకోచోట ఏం దెబ్బ తగిలిందో పిల్లలకు అప్పటికప్పుడే కనిపిస్తుంది.

నా పేచీ కుర్చీతోనే. ఆడేవాళ్లు ఎప్పుడూ పైనుంచే చూస్తారు. కొండ తవ్వాలా వద్దా అన్న ప్రశ్న వస్తే ఒక్క నొక్కుతో తేల్చేస్తారు. ఆ కొండ మీద ఉన్నవాళ్లు "కుదరదు" అనే వీలు ఆటలో లేదు. నిజంలో ఉంది. ఒడిశా నియమగిరిలో వేదాంత రిఫైనరీకి బాక్సైట్ తవ్వే విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి.

మరి ఆ ఆట మన పిల్లలతో ఎందుకు ఆడించకూడదు? కొత్తగా రూల్స్ రాసుకోనక్కర్లేదు, 2006 అటవీ హక్కుల చట్టంలో, దాని నియమాల్లో అన్నీ ఉన్నాయి. గ్రామసభలో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. అటవీ హక్కుల కమిటీకి 10 నుంచి 15 మంది. ఊరి పెద్దమనిషి చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. దరఖాస్తు సబ్ డివిజన్ కమిటీకి, అక్కణ్నుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది. మధ్యలో తిరస్కరిస్తే అప్పీలుకు 60 రోజులు. ఇందులో ఎక్కడ జారిపడతామో మనలో ఎంతమందికి తెలుసు? తిరస్కరణ కాగితం చేతికే రాక, గడువు సంగతే తెలియక పోడు భూమి మీద ఆశ వదులుకున్న ఇళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి.

సిగ్నల్ లేదంటారా? చార్టు మీద ఆడండి. ఒకరు బీట్ ఆఫీసరు, ఒకరు సబ్ కలెక్టరు, ఒకరు కంపెనీ మనిషి, మిగతావాళ్లంతా ఊరు. కంపెనీ మనిషి వేషం బాగా మాట్లాడే కుర్రాడికే ఇవ్వండి, లేకపోతే ఆట మరీ తేలికైపోతుంది. నెట్ ఉన్న బడిలో ముందు నేషన్‌స్టేట్స్ ఒక వారం ఆడించి, తర్వాత దీనికి రండి. అదే పిల్లలు రెండు వైపులా కూర్చుని చూస్తారు.

ఒక్క మాట. మొదటిసారి ఆడించేటప్పుడు కావాలనే తక్కువ మందితో సభ పెట్టి, తీర్మానం చదివి, రిజిస్టరు చుట్టూ తిప్పండి. కోరం గురించి ముందే చెప్పకండి. సంతకం పెట్టే ముందు తలలు లెక్కపెట్టినవాళ్లు ఎందరో చూసి, కామెంట్లలో రాయండి.