తరగతిలో పలుభాషల విద్యార్థి

ఉస్మానియా విశ్వవిద్యాలయమున యెమెన్, ఇరాక్, ఆఫ్గనిస్తాన్ వంటి దేశములనుండి వచ్చిన విద్యార్థులును, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ పల్లెలలో తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థులును ఒకే తరగతిలో కూర్చుండి ఆంగ్లోపన్యాసము వినుచుందురు. అధ్యాపకుడు ప్రశ్న వేయగా, వారు దానిని తమ భాషలోనికి తెచ్చుకొని, అందు ఆలోచించి, సమాధానమును మరల ఆంగ్లమున కూర్చుకొనులోపల మరియొకరెవరో చెప్పివేయుదురు. పాఠము ముందుకు సాగిపోవును. ఆ యాలస్యమును మనము అజ్ఞానముగా లెక్కగట్టుచున్నాము. ఇది తీరని అన్యాయము.

ఈ విషయమున ఆ విశ్వవిద్యాలయ చరిత్రయే మనకు గురువు. 1918లో అది ఆరంభమైనప్పుడు బోధనభాష ఉర్దూ. పాఠ్యగ్రంథములు లేవని వెనుదీయక, అంతకు ముందటి యేడే దారుల్ తర్జుమా యను అనువాదసంస్థను నెలకొల్పి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చి, పారిభాషికపదములను నిర్ణయించిరి. భారతీయభాషలో ఉన్నతవిద్య సాధ్యమని ఆ మహాకృషి నిరూపించెను. కాని నిజాము రాజ్యప్రజలలో అధికులు తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడువారు. వారికి ఉర్దూయు నేర్చి చేరుకొనవలసిన భాషయే. 1948లో ఆ రాజ్యము భారతదేశమున విలీనమైన పిదప ఉర్దూ స్థానమును ఆంగ్లము గైకొనెను. తెలుగు విద్యార్థి కష్టము మాత్రము తీరలేదు. ఏ భాషను బోధనకు నిలిపినను దాని వెలుపల కొందరుందురు. వారికి దారి చూపుట బోధనాధర్మములో భాగమే.

2023లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యూజీసీ), ఆంగ్లమాధ్యమ కోర్సులలోనైనను పరీక్షలను స్థానికభాషలో వ్రాయనిండని విశ్వవిద్యాలయములను కోరినది. మంచిదే. కాని అరబ్బీ, దరీ మాటలాడువానికి దానివలన ఫలము లేదు; తెలుగు విద్యార్థికైనను తరగతిలోని మౌనము తొలగదు. ఉపన్యాససారమును, కొత్త పదములను ముందుగా ఇచ్చుట, ప్రశ్న వేసిన పిదప రెండు వాక్యములు వ్రాసికొనుటకు వ్యవధి నొసగుట, చిన్న బృందములలో ఏ భాషనైనను చర్చింపనిచ్చి సారాంశమును ఆంగ్లమున చెప్పించుట, అసైన్‌మెంటు, వైవా యనగా ఏమి ఆశింతురో విప్పి చెప్పుట: వీనికి అపారధనము అక్కరలేదు.

ప్రమాణములు దిగజారునని కొందరు శంకింతురు. అర్థశాస్త్రపు జవాబుపత్రమున కొలువవలసినది అర్థశాస్త్రజ్ఞానము. వ్యాకరణదోషమునకు మార్కులు కోసి భావము నణచుటయే ప్రమాణభంగము. ఆంగ్లమును వేరుగా, శ్రద్ధగా నేర్పవలయును. అందుకు 1958లో కేంద్ర ఆంగ్లసంస్థగా పుట్టిన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము (ఇఫ్లూ) ఉస్మానియా పొరుగుననే యున్నది; విదేశీయులకు ఆంగ్లము నేర్పిన అనుభవము దానికి కలదు.

అమెరికా కేగిన మన తెలుగు బిడ్డలకు అచటి విశ్వవిద్యాలయముల రచనాసహాయ కేంద్రములు వ్యాసములు దిద్దుకొనుట నేర్పుచున్నవి. మన బిడ్డలకు అట్టి ఆదరమును కోరు మనము, మన కడకు వచ్చిన పరదేశి బిడ్డకును, మన పల్లెబిడ్డకును దానిని నిరాకరింపరాదు. వచ్చు విద్యాసంవత్సరపు మొదటి వారముననే ప్రతి శాఖయు తన పారిభాషికపదముల పట్టికను, పరీక్షావిధాన వివరణను అచ్చువేసి విద్యార్థుల చేతికీయవలయును. అందులకు వలయు సిబ్బందిని, కాలమును పాలకమండలులు ఈ యేటి బడ్జెటులోనే చూపవలయును.