మేం ఏ మైదానంలో పరాయివాళ్లం?

మైనారిటీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేనిప్పుడు రాజ్యాంగం తెరవను. 2022 మార్చి 20 సాయంత్రం గోవాలోని ఫతోర్డా స్టేడియం గురించి చెప్తాను.

ఆ రోజు ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. మా హైదరాబాద్ ఎఫ్‌సీకీ, కేరళ బ్లాస్టర్స్‌కీ మధ్య. కరోనా మూలంగా రెండు సీజన్లు ఖాళీ కుర్చీల ముందు ఆడించిన ఆటకు ఫైనల్‌నాడు జనాన్ని రానిచ్చారు. సుమారు 19 వేల మంది పట్టే స్టేడియం. ఎటు చూసినా పసుపు. అది కేరళ అభిమానుల రంగు. మంజప్పడ అంటారు వాళ్లని, పసుపు సేన అని అర్థం. లీగ్ పట్టికలో మాది రెండో స్థానం, వాళ్లది నాలుగు. కానీ జనబలంలో వాళ్ల ముందు మేం పిడికెడు. 2019లో పుట్టిన జట్టు కోసం ఊరు దాటి వచ్చేవాళ్లు ఎందరుంటారు? విచిత్రం ఏమిటంటే మా జట్టు చొక్కా కూడా పసుపే. పట్టికలో పైనున్నందుకు ఆ రంగు మా ఆటగాళ్లకు దక్కింది. కేరళవాళ్లు నల్ల చొక్కాల్లో దిగారు. స్టాండ్స్ నిండా మా రంగే, మావాళ్లు మాత్రం లేరు.

మేం నలుగురం పోయాం. నేను, మా గల్లీ పిల్లలు ఇద్దరు, పత్రికలో నా పక్క కుర్చీ మిత్రుడు. అతను హిందువు. రాత్రి బస్సు, కర్ణాటక మీదుగా దారి. ఆటకు ఐదు రోజుల ముందే, మార్చి 15న, కర్ణాటక హైకోర్టు హిజాబ్ కేసులో తీర్పు చెప్పింది. హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదనీ, విద్యాసంస్థల యూనిఫాం మీద ప్రభుత్వ ఉత్తర్వు చెల్లుతుందనీ. తెల్లవారుజామున బస్సు ఒక దాబా దగ్గర ఆగింది. ఫజర్ నమాజుకని సంచిలోంచి టోపీ తీయబోతే మిత్రుడు మెల్లగా అన్నాడు: "ఇక్కడొద్దు భాయ్. గోవా పోయినంక చదువుకో." నా మేలు కోరే అన్నాడు. నేనూ టోపీని మళ్లీ సంచిలో పెట్టేశాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే దాచుకోవడం మాకు ఇప్పటికే వచ్చేసింది.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. బయల్దేరేనాడు నా కూతురు "మై భీ ఆతీఁ, అబ్బా" అంది. అప్పుడు పదో తరగతి. హిజాబ్ కట్టుకుంటుంది, మగపిల్లలతో సమానంగా బంతీ తంతుంది. రాత్రి ప్రయాణం వద్దమ్మా అని తప్పించుకున్నాను. నిజానికి నాకు రెండు భయాలు. దారిలో ఎవరేమంటారో అని ఒకటి. వయసొచ్చిన పిల్లను ఆటలకు తిప్పుతున్నాడని మా గల్లీ ఏమంటుందో అని రెండోది. మొదటి భయం మీద ఎన్నో వ్యాసాలు రాశాను. రెండోదాని మీద నేను రాస్తున్న మొదటి వాక్యం ఇదే.

ఇక ఆట. మా చుట్టూ మలయాళం. మా పక్కన కూర్చున్నది మలప్పురం కుర్రాళ్లు. అందులో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ఆటకు వస్తూ దారిలో ప్రమాదంలో ఇద్దరు కేరళ అభిమానులు చనిపోయారన్న వార్త వాళ్లను కలచివేసింది. అయినా గొంతు తగ్గలేదు. మేం అరిస్తే మా అరుపు మాకే వినపడలేదు. 68వ నిమిషంలో రాహుల్ గోలు కొట్టాడు. స్టేడియం లేచి మా మీద పడ్డట్టయింది. ఒక కుర్రాడు నా భుజం తట్టి "హైదరాబాద్, బిర్యానీ తిని ఇంటికి పో" అని హిందీలో ఎగతాళి చేశాడు. కోపం రాలేదు. సంతోషమే వేసింది. ఎందుకంటే నన్ను పొమ్మన్నది హైదరాబాద్‌కి! జీవితంలో మొదటిసారి నన్ను ఎవరో మా ఇంటికే పొమ్మన్నారు.

88వ నిమిషంలో సాహిల్ తవోరా మా గోలు కొట్టాడు. 1-1. తర్వాత పెనాల్టీలు. మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మాది. గోలు కొట్టిన తవోరా గోవా మనిషి. కట్టిమణీ గోవా మనిషే. హైదరాబాద్‌ను గెలిపించిన గోవావాళ్లను "నీ మనసు ఎక్కడుంది?" అని ఎవరూ అడగలేదు. నా పక్కనున్న మలప్పురం ముస్లింను "ఇంకో ముస్లిం ఉన్న జట్టుకు కాకుండా కేరళకెందుకు అరుస్తున్నావు?" అని ఎవరూ అడగలేదు. కేరళవాడు కేరళకు అరుస్తాడు, అంతే. అందులో రుజువు చేయాల్సిందేముంది? ఓడిపోయాక వాళ్లు ఏడ్చారు. ఏడుస్తూనే మాకు చెయ్యి కలిపారు.

ఆ మూడు గంటలు నేను మైనారిటీని. కానీ ఆ పరాయితనం నేను టికెట్ కొనుక్కుని తెచ్చుకున్నది. ఆట అయిపోగానే అదీ అయిపోయింది. బస్సెక్కితే నా ఊరు నాకుంది. ఇప్పుడు చెప్పండి, నా ఊళ్లోనే, నా గల్లీ మలుపులోనే నన్ను పరాయి జట్టు అభిమానిగా నిలబెడితే నేను ఏ బస్సెక్కాలి?

1999 జూన్ 8. కార్గిల్ యుద్ధం నడుస్తోంది. ఇంగ్లండులో మాంచెస్టర్‌లో ప్రపంచ కప్ క్రికెట్, ఇండియా, పాకిస్తాన్. నేను ఇంటర్ చదువుతున్నాను. చాయ్ హోటల్ టీవీ ముందు నలభై మందిమి. పాకిస్తాన్ వికెట్ పడ్డప్పుడల్లా అందరూ తెరవైపు చూడ్డం మాని ఒక్కసారి నావైపు చూసేవాళ్లు. నేను చప్పట్లు కొట్టానా, ఎంత గట్టిగా కొట్టాను, ముందు కొట్టానా వెనక కొట్టానా! 47 పరుగులతో ఇండియా గెలిచింది. నాకు సంతోషమైంది, నిజంగానే అయింది. కానీ ఆ సంతోషాన్ని ఎవరికీ నమ్మకంగా చూపించలేకపోయాను. చూస్తున్నారని తెలిశాక నవ్వు కూడా సాక్ష్యం ఇచ్చినట్టే ఉంటుంది. ఇంటికొచ్చి చూసుకుంటే చప్పట్లకు అరచేతులు ఎర్రబడి ఉన్నాయి. అది ఆటను చూడ్డం కాదు. హాజరు వేయించుకోవడం.

ఈ సంగతి చెప్తే మా దాదా నవ్వి తన కథ చెప్పాడు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనివాడు. రైల్వే పాసు మీద బొంబాయి పోయి రోవర్స్ కప్పులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూసొచ్చాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఆ కప్పు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ ఏళ్లను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్. రజాకార్ల అరాచకాన్ని నేను దాచను, అది మా చరిత్ర మీద మచ్చే. కానీ ఆ తర్వాత జరిగిందీ దాచొద్దు. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. ఆ నెత్తురు ఆరి రెండేళ్లయినా కాకముందే హైదరాబాద్ పోలీసు జట్టు, అందులో ఎందరో ముస్లిం కుర్రాళ్లు, బొంబాయి పోయి కప్పు తెచ్చింది. ఒకే మాట, పోలీసు. ఒకచోట ఊళ్లు ఖాళీ చేయించింది, ఇంకోచోట మైదానాలు నింపింది.

పూనా స్టేషన్ దాటగానే దాదా తన రూమీ టోపీని టిఫిన్ సంచిలో పెట్టేశాడట. ఆట గెలిచాక తీసి పెట్టుకున్నాడట. "జీత్ గయే తో పెహెన్ లియా" అని గొప్పగా చెప్పేవాడు. చిన్నప్పుడు నాకూ గొప్పగానే ఉండేది. దాబా దగ్గర నా టోపీ సంచిలోకి పోయిన తెల్లవారుజామున అర్థమైంది, అది గొప్ప కాదు. గెలిస్తేనా టోపీ పెట్టుకోవడం? ఓడిపోతే?

ఇక్కడే మన లౌకిక మిత్రులతో నాకు తగాదా.

2024లో 'మైదాన్' సినిమా వచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీం కథ. మా హైదరాబాద్ మనిషి, ఉస్మానియాలో చదివి బడిపంతులుగా పనిచేసినవాడు, భారత జట్టు కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానానికి తెచ్చాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. అసలైన పరాయి మైదానం అది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదని మన అధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పినందుకు ఊరంతా భారత్ మీద మండిపడుతోంది. సుమారు లక్షమంది గేలి చేస్తున్నారు. ఎదురుగా దక్షిణ కొరియా, అంతకుముందు అదే పోటీల్లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. జర్నైల్ సింగ్ తలకు కుట్లు. తంగరాజ్‌కు జ్వరం. రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్. 2-1తో గెలిచారు. ఆ లక్షమందిలో మనకోసం అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకున్నారు. వఫాదారీ లెక్కలు వేసేవాళ్లు ఆ అరుపును ఏ ఖాతాలో రాస్తారో! తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, రహీం సాబ్ పోయాడు.

సినిమా చూసి మిత్రులు నాకు ఫోన్లు చేశారు. "చూశావా, మీవాళ్లు దేశానికి ఎంత చేశారో! అందరికీ చూపించాలి" అని. ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం భయమేసింది. మిత్రులారా, మీరు కూడా పరీక్షను ఒప్పుకున్నారు. మమ్మల్ని పాస్ చేయించాలని చూస్తున్నారు, అంతే తేడా. రహీం, హబీబ్, కలాం అని జాబితా చదువుతారు. ఆ జాబితాలో లేని రిక్షా తొక్కేవాడి సంగతేంటి? పరుపులు కుట్టే దూదేకుల ముసలాయన ఏ కప్పు తేవాలి? ఈ నేల మీద ఉండటానికి ఆయన కట్టాల్సిన అద్దె ఏ గోలు?

పైగా గోలు కొట్టినా అద్దె తీరదు. 2021 అక్టోబరు 24న పాకిస్తాన్ చేతిలో ఇండియా ఓడితే దేశపు చొక్కా తొడుక్కుని బంతి వేసిన మొహమ్మద్ షమీనే ద్రోహి అన్నారు. ఆ ఆట మీదే ఆగ్రాలో ముగ్గురు కాశ్మీరీ విద్యార్థులను పాకిస్తాన్ గెలుపుకు సంబరపడ్డారన్న ఆరోపణతో జైల్లో పెట్టారు. ఆడినవాడికీ పరీక్షే, చూసినవాడికీ పరీక్షే. ఇది పాసయ్యేందుకు పెట్టిన పరీక్ష కాదు. మళ్లీ మళ్లీ కూర్చోబెట్టేందుకు పెట్టింది.

మావాళ్లతోనూ ఒక మాట. రహీం సాబ్‌ను "కౌం కా హీరో" అని పచ్చజెండాలో చుట్టేవాళ్లున్నారు. ఆయన జట్టులో అమ్ముగూడ బలరాం ఉన్నాడు, తంగరాజ్ ఉన్నాడు, జర్నైల్ ఉన్నాడు. వాళ్లను తీసేస్తే రహీం మిగలడు. ఎదుటివాడు మనల్ని మతంగా కుదిస్తున్నాడని ఏడుస్తూ మనమే మన గొప్పవాళ్లను కుదించుకుంటామా? మన ఆడపిల్లలను గడప దాటనివ్వకుండా హిజాబ్ తీర్పు మీద ఉపన్యాసాలిస్తామా? కోర్టు నా కూతుర్ని బడి గేటు దగ్గర ఆపింది. నేను బస్సు మెట్టు దగ్గర ఆపాను.

అందుకే నేనిప్పుడు జవాబు చెప్పడం మానేశాను. ఇండియా గెలిస్తే చప్పట్లు కొడతాను, ఎవరూ చూడకపోయినా కొడతాను. "నువ్వు ఎవరి పక్క?" అని అడిగితే మాత్రం చెప్పను. జవాబు లేక కాదు. ఆ ప్రశ్న వేసే హక్కు నీకెవరిచ్చారని.

చివరిగా ఒక సంగతి. మేం గోవా దాకా పోయి గొంతు చించుకున్న ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు లేదు. డబ్బు కష్టాల్లో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. రహీం ఊరికి ఆ లీగులో జట్టు లేదు. జట్టును ఊరు దాటించినవాళ్లను ఎవరూ వఫాదారీ అడగలేదు. వ్యాపారం కదా!

జట్టు పోయింది. మేం పోలేదు. 1948లో పోలేదు, ఇప్పుడూ పోం. మా గల్లీ మైదానంలో సాయంత్రం పూట నా కూతురు ఇంకా బంతి తంతూనే ఉంది. ఈసారి ఏ ఊళ్లో ఆట ఉన్నా రెండు టికెట్లు తీస్తాను. టోపీ సంచిలో పెట్టను.