సైన్సు ముచ్చట్లు: దీపం కింద చీకటి, మరి టవరు కింద?

తిరువళ్ళూరులో ఉంటున్న మన సభ్యురాలు ఒకామె పోయిన సంచిక అందగానే ఉత్తరం రాశారు. వాళ్ళ వీధిలో ఒక మూడంతస్తుల మేడ మీద సెల్‌ఫోన్ టవరు పెట్టబోతున్నారట. దాంతో వీధి రెండుగా చీలిపోయింది. "చిన్నపిల్లలున్న చోట ఇదేం పని, క్యాన్సర్ వస్తుంది" అని సగం మంది. "హైదరాబాదులో ఉన్న మనవరాలి గొంతు వినాలంటే మిద్దె ఎక్కాల్సి వస్తోంది, టవరు రావాల్సిందే" అని మిగతా సగం. పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళవాళ్ళు ఇప్పుడు మాటలే మానేశారట. "మీరు ఇంజనీరు కదా అన్నయ్యగారూ, ఎవరిది నిజం?" అని ఆమె ప్రశ్న. ఇది ఒక్క వీధి గొడవ కాదు గనుక అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

ముందు తరంగాల సంగతి చూద్దాం. నేను పెరిగింది తిరుత్తణిలో. 1960లో ఆ ఊరు చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రేడియో తరంగాలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు! కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీద మా ఇంట్లో తెలుగు పలుకుతూనే ఉండేది. ఆ తరంగం ఒక్కొక్కటి సుమారు 333 మీటర్ల పొడవు. అంత పొడుగు తరంగం, ఏటినీళ్ళు బండరాయిని చుట్టుకుని పోయినట్లు, గుట్టల్ని చుట్టుకుని వచ్చేస్తుంది. ఎఫ్.ఎమ్. తరంగం పొడవు సుమారు 3 మీటర్లే. అది కొండ చాటుకు వెళ్తే నీరసపడుతుంది. 900 మెగాహెర్ట్జ్ సెల్‌ఫోన్ తరంగమైతే 33 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర. దానికి గోడ, రేకుల కప్పు, నీళ్ళ ట్యాంకు, వేపచెట్టు అన్నీ అడ్డమే. కొన్ని దాన్ని తిప్పికొడతాయి, కొన్ని పీల్చుకుంటాయి, కొన్నిటి అంచుల దగ్గర అది వంగుతుంది.

ఇన్ని మలుపులు తిరిగే తరంగం ఎక్కడ ఎంత బలంగా ఉంటుందో లెక్క కట్టగలమా? కట్టగలం. సూత్రాలు 1865లోనే మాక్స్‌వెల్ ఇచ్చాడు. వాటిని కంప్యూటరుకు పనికొచ్చేలా మలచిన వారిలో కేన్ యీ ఒకడు. 1966లో ఆయన చూపిన పద్ధతి ప్రకారం స్థలాన్నంతా చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక గడి నుంచి పక్క గడికి తరంగం ఎలా పాకుతుందో క్షణక్షణం లెక్కిస్తారు. గడి తరంగం పొడవులో పదోవంతుకు మించకూడదని వాడుక. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, 100 మీటర్ల ఎత్తు ఉన్న చోటు తీసుకోండి. కడప తరంగానికి 2,700 గళ్ళు చాలు. అదే చోట 900 మెగాహెర్ట్జ్ తరంగానికి 2 లక్షల 70 వేల కోట్ల గళ్ళు కావాలి! సూత్రం తెలిసినంత మాత్రాన లెక్క తేలదని దీన్నిబట్టి తెలుస్తోంది.

అందుకే దగ్గరి దారులు వెతికారు. ఇందులో మన హైదరాబాదుకూ భాగం ఉంది. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళిన సదాశివ రావు, విల్టన్, గ్లిసన్ అనే మరో ఇద్దరితో కలిసి 1982లో ఒక పద్ధతి ప్రకటించారు. స్థలమంతా గళ్ళు చేయనక్కరలేదు. వస్తువు పైభాగాన్ని మాత్రం చిన్న త్రిభుజాలుగా విడగొట్టి, ఒక్కొక్క అంచు మీదుగా ఎంత కరెంటు పారుతుందో కనుక్కుంటే చాలు. విమానమైనా కారైనా, ఎంత వంకరటింకర ఆకారమైనా త్రిభుజాలకు లొంగుతుంది. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ఆర్.డబ్ల్యు.జి. అని పిలిచే ఈ పద్ధతి ఈనాటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

ఊరంత పెద్ద చోటుకు ఇది కూడా భారమే. అక్కడ తరంగాన్ని ఎండ కిరణంలా భావించి, ఏ గోడకు తగిలి ఎటు తిరుగుతుందో లెక్కిస్తారు. లేదా కొలిచిన అంకెల మీద ఆధారపడతారు. జపానులో ఒకుమురా టోక్యో చుట్టుపక్కల కొలిచి 1968లో ప్రకటించిన ఫలితాలను 1980లో హాటా సూత్రాలుగా మార్చాడు. టోక్యో సూత్రం తిరువళ్ళూరు సందుకు అచ్చంగా సరిపోదు గదా! అందుకే లెక్క వేసిన తరవాత మీటరు పట్టుకుని వీధిలో తిరిగి సరిచూడాలి.

ఇక మన సోదరి వీధికి వద్దాం. ఉదాహరణకు ఆంటెనాకు 20 వాట్ల శక్తి ఇచ్చారనీ, అది శక్తినంతా ఒకవైపు గుమిగూర్చడం వల్ల ఎదురుగా 50 రెట్లు బలంగా కనిపిస్తుందనీ అనుకుందాం. 50 మీటర్ల దూరంలో సూటిగా ఎదురున్న చోట చదరపు మీటరుకు సుమారు 0.03 వాటు పడుతుంది. ఏ రేకుల కప్పో తిప్పికొట్టిన తరంగం పూర్తిగా తోడైతే నాలుగు రెట్లయి 0.13 అవుతుంది. మన దేశం 2012 సెప్టెంబరులో అంతర్జాతీయ పరిమితిని పదోవంతుకు తగ్గించి, 900 మెగాహెర్ట్జ్‌కు 0.45 అని పెట్టింది. అంటే 50 మీటర్ల దగ్గర పరిమితి లోపలే ఉన్నాం. కానీ అదే ఆంటెనాకు ఎదురుగా, అదే ఎత్తులో, 10 మీటర్లలో ఇంకొకరి మిద్దె ఉంటే? అక్కడ సుమారు 0.8 వస్తుంది. పరిమితి దాటినట్లే!

టవరు సరిగ్గా కిందనున్న ఇంటికి మాత్రం తక్కువే తగులుతుంది. ఆంటెనా చూపు దూరంగా ఉంటుంది కాని కాళ్ళ కింద ఉండదు. దీపం కింద చీకటి అన్న మాట ఇక్కడ నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. భయపడే ఇల్లొకటి, జాగ్రత్తపడవలసిన ఇల్లు మరొకటి.

మరి క్యాన్సర్ మాట? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2011లో ఈ తరంగాలను "కారణం కావచ్చునేమో" అనే వర్గంలో చేర్చింది. అవుతుందని తేల్చలేదు, కాదని కొట్టిపారేయలేదు. ఇంకొక సంగతి. సిగ్నల్ నీరసంగా ఉన్నచోట మన ఫోనే ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది, అదీ చెవికి ఆనుకుని. కాబట్టి టవరు దూరమైతే క్షేమం అనుకోవడానికీ లేదు.

అమ్మా, వీధివాళ్ళందరినీ ఒకసారి కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు రాయించండి. ఆంటెనాకు ఎదురుగా, సమానమైన ఎత్తులో ఎవరి మిద్దె ఉంది, ఎంత దూరంలో? ఆ స్తంభం మీద ఎన్ని కంపెనీల ఆంటెనాలు వస్తాయి, అన్నీ కలిపి లెక్క కట్టారా? పెట్టిన తరవాత కొలిచి చూపిస్తారా? టెలికం శాఖ 2017లో ప్రారంభించిన తరంగ్ సంచార్ ద్వారా టవరు వివరాలు చూడవచ్చు, రుసుము కట్టి కొలత కూడా అడగవచ్చు. జవాబులు తృప్తిగా ఉంటే మనవరాలి గొంతు ఇంట్లో కూర్చునే వినండి. లేకపోతే ఆంటెనా దిశ మార్చమనో, ఎత్తు పెంచమనో అందరూ కలిసి అడగండి. రెండు పక్షాలూ కలిసి అడిగితేనే ఆ మాటకు బలం. ఈలోగా ఆగిపోయిన పిండివంటల రాకపోకలు మొదలుపెట్టండి. వాటికి ఏ పరిమితీ లేదు.