రాత్రి కొలువు

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఉష్ణమండల వైద్యమును అభ్యసించుటకై 1923లో అమెరికాలోని బోస్టను నగరమును చేరెను. ఆయనకు వైద్యపట్టము కలదు. చేతిలో ధనము లేదు. ఆ పట్టముతో అచ్చట వైద్యవృత్తి చేయుటకు వీలు లేకపోయెను. పగలు హార్వర్డులో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను కడుగు కొలువు.

ఈ సంగతి చెప్పునపుడు పలువురు 'అయ్యో పాపము!' అందురు. ఆ జాలి తగదు. పాత్రలు కడుగువారు లేనిదే ఏ ఆసుపత్రి నడచును? మన దేశమున ఈ పనిని పుట్టుకనుబట్టి కొందరికే అంటగట్టిరి. వారిపై కలుగని జాలి చదువుకొన్నవానిపై ఏల కలుగవలెను?

1925లో సుబ్బారావు, ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తమూత్రములలోని ఫాస్ఫరసును కొలుచు విధానమును ప్రకటించెను. ప్రయోగశాలలో ఆయన మూత్రమును పరీక్షించినందుకు పాపమనువారెవరును లేరు.